కొత్త చేతికి ముసలెద్దు

మా చెల్లెలు ఫోన్ చేసిందంటే కారణాలు రెండే. ఒకటి, ఉట్నూరులో కరెంటు పోయి ఏమీ తోచకపోవడం. రెండోది, వాళ్ళింట్లో ఏదో పంచాయితీ ముదిరి పెద్దమనిషి అవసరం పడడం. కిందటి దసరా వెళ్ళిన నాలుగో నాడు వచ్చిన ఫోను రెండో రకానిది.

“అన్నా, నీ అల్లునికి పద్దెనిమిది నిండి మూడు నెలలాయె. లైసెన్సు గూడ చేతికొచ్చింది. ఇగ బండి కొనియ్యిమని పానం దీస్తున్నడు. సరే బిడ్డా, కొత్త కారు కొందాం అంటే వద్దంటడు. ఏందో జిప్సీ అంట. అదీ పాతదంట. మీ కరీంనగర్ల ఎవరిదో అమ్మకానికున్నదంట. నువ్వు జర పొయ్యి చూసి, మంచిగలేదని చెప్పు.”

“చూడకముందే మంచిగలేదని ఎట్ల చెప్తనే?”

“చూసినంకనే చెప్పు. కానీ గదే చెప్పు.”

తీర్పు ముందే రాసిపెట్టుకుని విచారణకు పిలవడం మా చెల్లెలికి కొత్తేమీ కాదు. అయితే ఈ వ్యవహారం నా నెత్తికే ఎందుకు వచ్చిందో చెప్పాలి. మా చుట్టాలందరిలోకీ జీపుల సంగతి తెలిసినవాణ్ణి నేనే అని ఒక నమ్మకం స్థిరపడిపోయింది. 1990లలో ఆదిలాబాద్ జిల్లాలో ఉద్యోగం చేస్తూ ఆరేళ్ళపాటు సర్కారు జీపులో గూడేలన్నీ తిరిగాను. తిరిగినంత కాలమూ ఎడమవైపు సీట్లో కూర్చున్నాను. జీపు ఎక్కినవాడికీ జీపు తెలిసినవాడికీ ఉన్న తేడా మావాళ్ళకు ఇంతవరకూ బోధపడలేదు. నేనూ బోధపరచలేదు. పెళ్ళిళ్ళలో ఆ మాత్రం గౌరవం దక్కుతుంటే ఎవడు కాదంటాడు చెప్పండి.

పైగా మేనమామను. వాడి చెవులు కుట్టించినప్పుడు నా ఒళ్ళోనే కూర్చోబెట్టి గట్టిగా పట్టుకొమ్మన్నారు. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, పిల్లవాణ్ణి కదలకుండా పట్టుకోవడమే మేనమామ పని కాబోలు అనుకున్నాను. పదిహేడేళ్ళ తరువాత పిలిచి, వీణ్ణి వదలాలా వద్దా చెప్పమంటున్నారు. పట్టుకోవడమే సులువుగా ఉండింది.

జిప్సీ సంగతి కొంత చెప్పుకోవాలి. సుజుకీ కంపెనీవారి జిమ్నీని మారుతీవారు 1985లో మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టి పెట్టిన పేరు అది. మొదట వెయ్యి సీసీకి కాస్త తక్కువ ఇంజను, 1990లలో 1300 సీసీ ఇంజను వేసి జిప్సీ కింగ్ అన్నారు. అవసరమైతే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. కారుకూ జీపుకూ మధ్య ఎక్కడో ఆగిపోయిన ఆకారం. సైన్యం వాడింది, పోలీసులు వాడారు, మంత్రిగారి కారు వెనకాల పరిగెత్తింది. ఆదిలాబాద్ దాటి చంద్రాపూర్ పక్కకు పోతే, తాడోబా అడవిలో పులిని చూడబోయేవాళ్ళు దాన్లోనే నిలబడి మెడలు సాచుతుంటారు. మామూలు సంసారులు మాత్రం దాని జోలికి పెద్దగా పోలేదు. పోకపోవడానికి కారణాలున్నాయి. ముందూ వెనకా కమాను పట్టీలే కనుక గుంత వచ్చిందని కంటికన్నా ముందు నడుముకు తెలుస్తుంది. వెనక సీట్లంటే ఎదురెదురుగా రెండు బల్లలు. వాటిమీద కూర్చున్నవాళ్ళు మోకాలికి మోకాలు తగిలిస్తూ ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిందే. పెట్రోలు తాగడంలో దానికి మొహమాటం లేదు. 2019లో మామూలు జనానికి దాని అమ్మకం ఆగిపోయింది. కొత్తగా వచ్చిన రక్షణ, కాలుష్య నియమాలకు అది అందలేదు.

మా మేనల్లుడు పట్టుబట్టిన బండి 2007 మోడలు. ఏపీ 15 నంబరు, అంటే పాత కరీంనగర్ జిల్లా. గ్రానైటు క్వారీల కాంట్రాక్టరు ఒకాయన కొని, వాడి, ఇంకో పెద్ద బండి వచ్చాక షెడ్డులో పడేశాడు. 15 ఏళ్ళు నిండగానే 2022లో అయిదు వేలు ఫీజు కట్టి మళ్ళీ అయిదేళ్ళకు రిజిస్ట్రేషను పొడిగించుకున్నాడు. బండికి పదిహేడు దాటింది, పిల్లవాడికి పద్దెనిమిది. ఇంచుమించు ఈడూజోడూ.

మా ఇంట్లో ఈ సంగతి ఎత్తినప్పుడు నేను మొదట వాడివైపే మాట్లాడాను. మా తాత మాట ఒకటి సాక్ష్యంగా తెచ్చుకున్నాను. మాది ధర్మపురి దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. నాకు పదేళ్ళప్పుడు తాత నా చేతికి ఎడ్లబండి పగ్గాలిచ్చాడు. ఇచ్చేముందు జత మార్చాడు. పొగరుమోతు కోడెను విప్పేసి, దాపట ముసలెద్దును కట్టాడు. “కొత్త చేతికి ముసలెద్దు, కొత్త ఎద్దుకు ముసలి చెయ్యి. రెండూ కొత్తయితే వాగులనే తేల్తరు” అన్నాడు. ఆ దాపటెద్దు నేను పగ్గం తప్పుగా లాగితే వినేది కాదు. గట్టు దిగేచోట నేనెంత అదిలించినా ముందుకాలితో నేల తడిమి చూసుకునిగానీ అడుగు వేసేది కాదు. బండి తోలుతున్నది నేనే అని నేననుకునేవాణ్ణి. ఊళ్ళో అందరికీ నిజం తెలుసు.

కనుక పిల్లవాడికి మొదటి బండి పాతదే మేలు అని నేను సిద్ధాంతం చేశాను. మా ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ అంతా విన్నది.

“ఎద్దు ముసల్దయితే తెలివొస్తది. బండి ముసల్దయితే తుప్పొస్తది” అన్నది.

ఆ తరువాత చాలాసేపు నేను మాట్లాడలేదు. మాట్లాడడానికేముంది? ఉపమానం ఎంత అందంగా ఉన్నా బ్రేకు వెయ్యదు. ముసలెద్దు నూరుసార్లు దిగిన గట్టును జ్ఞాపకం పెట్టుకుంటుంది; జిప్సీ జ్ఞాపకం పెట్టుకునేది తుప్పునూ అరుగుదలనూ మాత్రమే. నూతనమైన బండే ఇప్పుడు ముసలెద్దు పని చేస్తోంది. 2019 ఏప్రిల్ నుంచి మనదేశంలో అమ్మే కొత్తకార్లకు ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోయి జారకుండా, కొత్తవాడి కాలు చేసే తప్పును అది సర్దుతుంది. అదే ఏడు జులై నుంచి డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు ఉండాలన్నారు. మావాడు కోరిన బండిలో ఈ రెండూ లేవు. ఎత్తు ఎక్కువ, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ ఎడం తక్కువ. మలుపులో తొందరపడితే పక్కకు ఒరుగుతుంది. తాత బతికి ఉండి ఈ లెక్క వింటే మా చెల్లెలి పక్కన కూర్చునేవాడు.

అయినా నా వాదం పూర్తిగా చచ్చిపోలేదు. కొత్తకార్లలో నేనూ కూర్చున్నాను. అద్దాలన్నీ మూసి, చల్లగాలి వదిలి, పాట పెట్టుకుని పోతుంటే నూరు మీద పోతున్నా నలభై మీద పోతున్నట్టే ఉంటుంది. జిప్సీలో అట్లా కుదరదు. డెబ్బై దాటేసరికి తలుపులూ పైకప్పూ స్టీరింగూ అన్నీ కలిసి ఇక చాలు అని మొరపెడతాయి. భయం వేళకు వస్తుంది. వేళకు వచ్చే భయం కూడా ఒక బ్రేకే కదా అని మా ఆవిడతో అన్నాను. “భయం వేళకు రానినాడు?” అన్నది. ఆవిడ బడిపంతులు కూతురు, ప్రశ్న వదలదు.

ఈలోగా మా బావ ఫోను. ఆయన నెమ్మదస్తుడు, ఆశ్రమ పాఠశాలలో లెక్కల మాస్టారు.

“బామ్మర్దీ, చిన్నకారూ వద్దు, గా జిప్సీ డబ్బా వద్దు. మంచి పాత స్కార్పియో చూడు. బరువు బండి. రేపు ఏమన్న తాకినా మనోనికేం గాదు.”

ఎంత తెలివైన మాట అనిపించింది. తండ్రి ఆలోచించవలసిన పద్ధతి ఇదే అనుకున్నాను. రెండు రోజులు అదే అనుకున్నాను కూడా.

మూడోనాడు మంచిర్యాల చౌరస్తాలో నా స్కూటరు మీద ఆగి ఉన్నాను. ఎడమపక్క ఒక బరువు బండి, కుడిపక్క ఇంకో బరువు బండి. వాటి బానెట్లు నా భుజం ఎత్తున ఉన్నాయి. ఆ రెండు బళ్ళనూ ఎవరో ఒక తండ్రి, ఏమన్న తాకినా మనోనికేం గాదు అనుకునే కొని ఉంటాడు. మరి ఆ తాకే ‘ఏమన్న’ ఎవరు? సిగ్నలు పడేదాకా ఆలోచించవలసిన పని లేకపోయింది. అది నేనే.

పాఠశాలలో చదువుకున్నదే. బరువున్నదీ తేలికైనదీ గుద్దుకుంటే, బరువైనదాని వేగం కొంచెమే మారుతుంది. తేలికైనదాని వేగం ఒక్కసారిగా మారిపోతుంది. లోపలి మనిషిని చంపేది ఆ మార్పే. అంటే బరువు బండి కొనుక్కున్నవాడు ప్రమాదాన్ని తగ్గించలేదు, తన గడపలోంచి ఊడ్చి పక్కింటి ముందర పోశాడు. అన్ని రక్షణలూ అట్లాంటివి కావు. నేను బెల్టు కట్టుకుంటే ఎదుటివాడికి నష్టం లేదు. నా బ్రేకులు బాగుంటే ఎదుటివాడికీ లాభమే. ఎయిర్‌బ్యాగు ఎవరి నోటి కూడూ లాక్కోదు. కానీ ఎత్తూ బరువూ అట్లా కాదు, అవి ఒకరి దగ్గర తీసి ఒకరికి పెట్టే సొమ్ము. బావ లెక్కల మాస్టారే అయినా ఈ లెక్కలో ఒక్క పద్దే రాశాడు. రెండో పద్దులో సైకిలు మీద పోయేవాళ్ళూ, గొర్లకాపర్లూ, నా స్కూటరూ ఉన్నాం.

బావతో ఈ మాట అంటే కాసేపు ఊరుకున్నాడు. “నీకు కొడుకు లేడు బామ్మర్దీ” అన్నాడు. కోపంతో అన్నది కాదు. నిజమే. నాకు ఇద్దరూ ఆడపిల్లలు, ఇద్దరికీ స్కూటీలే కొనిచ్చాను, వాళ్ళకు రోడ్డుమీద ఉన్నవన్నీ బరువు బళ్ళే. అది ఆయనతో అనలేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. రెండు పద్దులూ రాస్తే గెలిచేది మా చెల్లెలి చిన్న కొత్తకారే. తేలిక, మంచి బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు. లెక్క అక్కడితో తేలిపోయింది. తేలిన లెక్కను పక్కన పెట్టి ఆ మరుసటి ఆదివారం నేను జిప్సీని చూడబోయాను. ఎందుకు పోయానో నాకు తెలుసు. సర్కారు జీపులో ఆరేళ్ళు ఎడమవైపు కూర్చున్నవాడికి కుడివైపు సీటు మీద ఉండే మమకారం మీరు ఊహించుకోగలరు. మనం పిల్లలకు కొనిచ్చేవాటిలో సగం మనకు ఆ వయసులో ఎవరూ కొనివ్వనివే. అవతల వాడేమో మామ తనకోసం కష్టపడుతున్నాడని కృతజ్ఞత పడుతుంటాడు!

పోయేముందు మావాణ్ణి అడిగాను, అదే ఎందుకురా అని. జవాబు సిద్ధంగా ఉంది. “మామా, వానకాలం మా దిక్కు వాగులొస్తయి. గూడేల పానం బాగలేనోళ్ళను మంచంమీద మోసుకొస్తరు. నాలుగు చక్రాలు గుంజే బండి ఉంటె ఎంత అక్కరకొస్తది!” చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆదిలాబాద్ ఏజెన్సీలో వాగు దాటించడానికి మంచాన్నే అంబులెన్సు చేసుకునే కథలు ప్రతి వానకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం. అయినా నాకు నమ్మబుద్ధి కాలేదు. కోరిక ఎన్నడూ ఒంటిబట్టతో బయటికి రాదు. పరోపకారాన్ని పైపంచెగా కప్పుకునే వస్తుంది. ముందు ఒక మాట గట్టిగా చెప్పాను. నాలుగు చక్రాలు గుంజేది బురదలో, రాళ్ళలో. పారే నీళ్ళలో కాదు. రెండడుగుల ఎత్తున నీళ్ళు ఉరుకుతుంటే కారయినా జీపయినా తేలి కొట్టుకుపోవలసిందే. కాజ్‌వే మీదినుంచి నీళ్ళు పోతుంటే ఇవతలే ఆగాలి. “సరే” అన్నాడు. “ఇప్పుడు నిజం చెప్పు” అన్నాను.

ఫోనులో కొంచెంసేపు ఏమీ వినపడలేదు.

“నిజం చెప్పాల్నా మామా? గా బండిని చూస్తె నాకు సంబురమైతది. అంతే.”

ఆ మాటతో వాడు నన్ను సగం గెలిచాడు. సంబురమయ్యే వస్తువును మనిషి తుడుస్తాడు, వంగి కిందికి చూస్తాడు, చప్పుడు మారితే చెవి పెడతాడు. ఇంట్లోవాళ్ళు కొనిచ్చిన కొత్తకారును పద్దెనిమిదేళ్ళవాడు ఎట్లా చూసుకుంటాడో మా వీధిలో రోజూ చూస్తూనే ఉన్నాను. దాని బానెట్టు ఎటువైపు తెరుచుకుంటుందో కూడా వాడికి తెలియదు. ఇదీ నా పక్షపాతమే కావచ్చు.

ఆదివారం నాతో ఉస్తాద్‌ను వెంటబెట్టుకుపోయాను. కరీంనగర్‌లో నలభై ఏళ్ళుగా జీపులు విప్పి బిగించిన మనిషి. ఆయన ఇంజను ముఖం చూడలేదు. ముందు లోపలి మ్యాట్లు ఎత్తి నేలరేకు మీద వేలితో నొక్కాడు. బండి కింద పడుకుని ఛాసిస్‌ను రెంచితో పొడుగునా తట్టుకుంటూ పోయాడు. మంచి ఇనుము ఒక తీరు పలుకుతుందట, తుప్పు తిన్నది ఇంకో తీరు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది ఆర్‌సీతో సరిచూశాడు. ఆయిలు మూత తీసి వాసన చూశాడు. నడిపించి చూసి, గేరు వదిలి ఎగిరి వస్తుందేమో గమనించాడు. ముందు చక్రాల మధ్యలో హబ్బులుంటాయి, నాలుగు చక్రాలూ పనిచేయాలంటే కిందికి దిగి వాటిని చేత్తో తిప్పాలి. రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి.

“ఇన్నేండ్లు ఉంచుకున్నడు, ఒక్కసారి తిప్పలే” అని నవ్వాడు ఉస్తాద్. “ఫోర్ వీల్ బండి కొని రెండు చక్రాల మీదనే తిరిగిండు.”

అన్నీ అయ్యాక చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. “ఛాసిస్ మంచిగుంది సార్. ఇంజన్ మంచిగుంది. హబ్బులు, బ్రేకులు, కమాన్ బుష్షులు చేయించుకోవాలె. బండికైతే నాదీ పూచీ. పోరడు ఎట్లాంటోడు?”

నేను జవాబు చెప్పలేకపోయాను. చెవులు కుట్టినప్పటినుంచీ ఎరుగుదును. ఎన్ని మార్కులొచ్చాయో తెలుసు, ఏ కూర ఇష్టమో తెలుసు. పక్కన నలుగురు దోస్తులు కూర్చుని ఇంకొంచెం తొక్కురా అన్నప్పుడు ఎట్లాంటివాడో తెలియదు. ఆ సంగతి తెలుసుకునే రెంచి ఏ ఉస్తాద్ దగ్గరా లేదు. వాణ్ణి బండి ఎక్కించి చూడడం తప్ప వేరే దారి లేదు. ఎక్కించాక తెలిస్తే లాభమేమిటి?

చట్టానికి ఈ సందేహం లేదు. 18 నిండనివాడు కారు నడిపితే 2019 సవరణ ప్రకారం సంరక్షకుడికి గానీ, బండి యజమానికి గానీ మూడేళ్ళ వరకు జైలు, 25 వేలు జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు. మావాడు పద్నాలుగో ఏటనే పొలంలో ట్రాక్టరు నడిపాడు. అది ఇంటిల్లిపాదీ ఫోటో తీసి నాకు పంపారు. నేనూ ముచ్చటపడ్డాను. పొలం దాటి రోడ్డెక్కలేదని నాకెవరు చెప్పారు? నేనడగలేదు. అప్పుడు అందరి భుజాలమీదా ఉన్న బరువును పద్దెనిమిదో పుట్టినరోజు తెల్లారేసరికి చట్టం తీసి వాడొక్కడి మీద పెట్టింది. ఒక్క రాత్రిలో. భుజం తేలికయిందని పైకి చెప్పుకుంటాం.

ధర సంగతి ఇక్కడ రాయను. మా ఆవిడ ఈ పేజీ తప్పకుండా చదువుతుంది, అందులో మూడో వంతు ఎవరిదో ఆవిడకు ఇంకా తెలియదు.

బేరం కుదిరాక ఇంకో పంచాయితీ వచ్చింది. 29, 30 నంబరు ఫారాలు నింపుతుంటే బావ ఫోన్ చేసి, “ఆర్‌సీ మీ చెల్లె పేరుమీద చేయించు. పోరనికి ఇప్పట్నించే ఎందుకు కోర్టుల రంధి” అన్నాడు. బండి ఏదయినా చేస్తే పరిహారం కేసులో పేరున్నవాళ్ళను కూడా నిలబెడతారు గదా. వాడి బదులు తల్లి నిలబడితే సరిపోతుందని ఆయన ప్రేమ. నేను వద్దన్నాను. వాడి పేరే ఉండాలన్నాను. మామూలుగా కాదు, గట్టిగా అరిచాను. ఉస్తాద్ కూడా తలెత్తి చూశాడు. ఎందుకంత అరిచానో అప్పుడక్కడ ఎవరికీ తెలియదు. మా ఆవిడకు కూడా.

1998లో జైనూరు నుంచి ఉట్నూరుకు వస్తున్నాం. పొద్దుగూకుతోంది. జీపులో నేనూ డ్రైవర్ సాబూ ఇద్దరమే. ఏ శాఖ జీపన్నది ఇక్కడ అనవసరం. నాకు పాతికేళ్ళు లేవు. చాలా రోజులుగా బతిమాలుతున్నాను, ఒక్కసారి ఇవ్వమని. రోడ్డు ఖాళీగా ఉందని ఆ రోజు ఇచ్చాడు. నాకు లైసెన్సు లేదు. మూడు మైళ్ళు బాగానే పోయింది. ఒక మలుపులో పాలక్యాన్లు కట్టుకున్న సైకిలు ఎదురొచ్చింది. నేను బ్రేకు తొక్కాననుకున్నాను. ఏది తొక్కానో ఈనాటికీ చెప్పలేను. జీపు పోయి కందకంలో ఆగింది. పాలాయన కాలు విరిగింది.

నేను స్టీరింగు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. డ్రైవర్ సాబ్ ముందు దిగి పాలాయనను లేపి చెట్టుకు ఆనించి కూర్చోబెట్టాడు. తరువాత నావైపు వచ్చి తలుపు తీసి, “సార్, మీరు ఇటు దిగుండ్రి, జల్ది. మంది వస్తరు” అన్నాడు. నేను దిగాను. ఆయన ఎక్కి కూర్చున్నాడు. అంతే. లాగ్‌బుక్కులో ఎట్లాగూ సంతకం ఆయనదే. ఆయనకు మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. పాలాయన ఆస్పత్రి ఖర్చు నేను పెట్టుకున్నాను, పెట్టుకుని నా మనసుకు రసీదు రాసి ఇచ్చుకున్నాను. డ్రైవర్ సాబ్ ఆ తరువాత ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. రెండేళ్ళకు నాకు బదిలీ అయింది.

కొత్త చేయి పని నేర్చుకోవడానికి ఎప్పుడూ కొంత ఖర్చవుతుంది. నా ఖర్చు ఒకాయన కాలితో కట్టాడు, ఒకాయన జీతంతో కట్టాడు. బావగారి స్కార్పియో అన్నా, చెల్లెలి పేరుమీద ఆర్‌సీ అన్నా నాకెందుకంత మంట పుట్టిందో ఆ కాగితాల ముందు కూర్చున్నప్పుడే నాకు తెలిసింది. ఇంతకీ ఈ జిప్సీ వల్ల వాడి ఖర్చు వాడే కడతాడన్న భరోసా ఏమీ లేదు. వాడు మలుపులో పల్టీకొడితే కట్టేది మా చెల్లెలు. అది నాకు తెలుసు. తెలిసే ఫారాల మీద సాక్షి సంతకం పెట్టాను.

కొత్త బెల్టులు వేయించాం. బ్రేకులు, హబ్బులు, టైర్లు అన్నీ అయ్యాయి. వెనక బల్లలమీద మనుషులను ఎక్కించకూడదని షరతు పెట్టాను. “అమ్మమ్మనైనా?” అన్నాడు. “అమ్మమ్మ ముందుసీట్ల కూసుంటది.” “మరి అమ్మ?” “మీ అమ్మ నీ బండి ఎక్కదు గాని, నడువు.”

చెల్లెలు చెప్పమన్న మాట నేను చెప్పలేదు కనుక, బండితోపాటు నేను కూడా పోయి తిట్లు తినవలసి వచ్చింది. మావాడు నడిపాడు, నేను ఎడమవైపు కూర్చున్నాను. చొప్పదండి దాటేవరకు నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. వాడు అరవై దాటలేదు. నేను పక్కన ఉన్నందుకో, బండి మొరపెడుతున్నందుకో. ధర్మపురి దగ్గర తాత ఎడ్లబండి తోలిన దారి చూపించాను. రాయపట్నం వంతెన మీద గోదావరి దాటుతుండగా ఎందుకో 1998 సంగతి మొదలుపెట్టాను. లక్షెట్టిపేట వచ్చేసరికి అయిపోయింది. వాడు మధ్యలో ఏమీ అనలేదు. ముందర మేకల మంద అడ్డమొస్తే దూరంనుంచే గేరు తగ్గించి, అవన్నీ దాటేదాకా ఇంజను ఆపి కూర్చున్నాడు.

“గా డ్రైవర్ సాబ్ ఏ ఊరాయన మామా?” అన్నాడు.

“ఖానాపూర్ దిక్కు. ఇప్పుడు ఉన్నడో లేడో.”

“ఇల్లు ఎరికేనా?”

“ఒకసారి వాళ్ళ బిడ్డ పెండ్లికి పోయిన.”

జన్నారం దాటాం. టేకుచెట్లు మొదలయ్యాయి. ఆ దారిలో కొంతదూరం పోయాక ఒక రోడ్డు కవ్వాల్ అడవిలోంచి ఉట్నూరుకు చీలిపోతుంది, ఇంకోటి కడెం మీదుగా ఖానాపూర్‌కు పోతుంది. చీలిక దగ్గర మావాడు బండి పక్కకు తీసి ఆపాడు. ఇండికేటరు వెయ్యలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, నావైపు చూడకుండా రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

నేను చెల్లెలికి ఫోన్ చేసి, అన్నానికి మాకోసం చూడొద్దని చెప్పాను.